ఉప్పు లేని గంజి

ఈపురుపాలెం బసవలింగం అబద్ధాలాడేవాడు కాదు, ఉన్న సంగతిని కాస్త సాగదీసేవాడు. వాళ్ల నాన్న గంజి పెట్టిన చీరను మడత పెట్టకుండా వదిలేస్తే, దానంతటదే చీరాల దాకా నడిచివెళ్లి బేరం కుదుర్చుకుని వచ్చేదట. ఎవరైనా నవ్వితే, "నవ్వండి. ఒకసారి తోవలో వాన పడితే మెత్తబడి ఎవరింటి అరుగు మీదో కూలబడింది. భుజాన వేసుకొచ్చింది నేనేగా!" అని సాక్ష్యం కూడా చెప్పేవాడు.

మగ్గం మూలపడ్డాక ఆయన బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో అటెండరుగా చేరాడు. చేరి ఇరవై రెండేళ్లు. రోజూ పొద్దున్నే చీరాలలో రైలెక్కేవాడు, పెట్టెలో ఒక కథ చెప్పేవాడు, బాపట్లలో దిగేవాడు.

ఆ ల్యాబులో సాయిసుధ అనే రేపల్లె అమ్మాయి పరిశోధన చేస్తోంది. ముడిచమురు నుంచి తీసిన నాఫ్తా అనే తేలిక నూనెను బాగా వేడిచేసి, ఒక ఉత్ప్రేరకం గుండా పంపిస్తే బెంజీను, టోలుయీను, జైలీను వస్తాయి. రావడం కొత్తేమీ కాదు. చిక్కల్లా ఉత్ప్రేరకం నిలవకపోవడమే. దాని సన్నటి రంధ్రాల్లో మసి పేరుకుపోయి, ఏడెనిమిది గంటలకే ఊపిరాడక చచ్చిపోతుంది. దాన్ని రెండు రోజులు బతికించాలని ఆ పిల్ల మూడేళ్లుగా తంటాలు పడుతోంది.

"ఈ జైలీను ఎవరికమ్మా?" అని బసవలింగం మొదట్లోనే అడిగాడు.

"పాలిస్టర్ దారం దాంట్లోంచే వస్తుంది బాబాయ్."

"ఓహో! మా మగ్గాన్ని మూల కూర్చోబెట్టిన మహాతల్లి పుట్టేది ఇక్కడన్నమాట. ఇన్నేళ్లుగా దాని పురిటికి నేనే నీళ్లు కాస్తున్నాను, చూశావా!"

ఉత్ప్రేరకం పొడిగా ఉంటే రియాక్టరు గొట్టంలో పూడుకుపోతుంది. అందుకని దాన్ని అల్యూమినా బంకతో, నీళ్లతో ముద్దగా కలిపి, పుల్లల్లా వత్తి, ఆరబెట్టి, కొలిమిలో కాల్చాలి. వత్తే మిషను పాడై రెండు నెలలైంది. బాగుచేయించే కాగితం ఏ బల్ల మీద ఉందో ఎవరికీ తెలియదు. సాయిసుధ తెనాలి బజారులో ఒక స్టీలు జంతికల గొట్టం కొనుక్కొచ్చింది. సన్న బిళ్ల వేసి వత్తితే కాలేజీ మిషనుకేమీ తీసిపోలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం ముద్ద మొండికేసింది. గొట్టంలోంచి పొడిపొడిగా రాలుతోంది. సాయిసుధ గడియారం చూసుకుంది.

"బాబాయ్, తెనాలిలో రేపల్లె బండి దాటిపోతుంది. కాసిని నీళ్లు చిలకరించి మీరే వత్తేయండి."

ఆమె వెళ్లిపోయింది. నీళ్లు చిలకరిస్తే జారిపోయింది, తగ్గిస్తే విరిగిపోయింది. తెగే దారం కళ్లబడితే నేతవాడి చెయ్యి ఒకేచోటికి పోతుంది. బసవలింగం క్యారియరులో మధ్యాహ్నం తాగగా మిగిలిన చిక్కటి గంజి ఉంది. రెండు గరిటెలు పోశాడు. అడుగున ఉన్న మెతుకులు కూడా చిదిమి కలిపాడు. ఆ తర్వాత పుల్లలు పడుగుపోగుల్లా వరసాగ్గా దిగాయి. కొలిమిలో కాలిస్తే గంజి ఎలాగూ మిగలదు కదా అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆ ఉత్ప్రేరకం యాభై రెండు గంటలు బతికింది.

ప్రొఫెసర్ ప్రకాశరావు గారు ఆ గ్రాఫును మూడుసార్లు చూసి, చమురు కంపెనీ వాళ్లకి ఫోన్ చేశారు. మూడు వారాల తర్వాత శుక్రవారం పది గంటలకు వచ్చి స్వయంగా చూస్తామన్నారు వాళ్లు. వాళ్ల కోసం సాయిసుధ ఈసారి తన చేత్తోనే, నోటుబుక్కులో రాసుకున్నట్టే కొత్త పుల్లలు వత్తింది. ఏడు గంటలకే చచ్చిపోయాయి. మళ్లీ వత్తింది. ఎనిమిది గంటలు.

"మొదటి అంకెలు ఎలా వచ్చాయమ్మా?" అన్నారు ప్రకాశరావు గారు, మెత్తగానే.

"వచ్చినవే రాశాను సార్."

"సోమవారం దాకా చూస్తాను. ఆ తర్వాత వాళ్లని రావద్దంటాను. నీ థీసిస్ సంగతి కమిటీ చూసుకుంటుంది."

అంకెలు కల్పించావని ఆయన అనలేదు. అనకుండానే వినబడింది. సాయిసుధ నోటుబుక్కు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. రెండు రోజులు రాలేదు.

బసవలింగానికి గంజి గుర్తొచ్చింది. చెబితే ఉద్యోగం ఊడుతుందని కూడా తోచింది. ఆదివారం పొద్దున రెండు మాత్రల కవర్లలో పాత పుల్లలు కొన్ని, కొత్త పుల్లలు కొన్ని వేసుకుని రైలెక్కాడు. తెనాలిలో బండి మారి రేపల్లె దాకా ఒక్క కథా చెప్పలేదు. ఎదుటి సీటులో చీరాల నుంచి వచ్చిన పాత పరిచయస్థుడు, "ఒంట్లో బాగోలేదా మావా?" అని రెండుసార్లు అడిగాడు.

సాయిసుధ వాళ్లమ్మ నాగజ్యోతి తలుపు తీసింది. "రండన్నయ్యగారూ. కాస్త మీరైనా చెప్పండి దానికి, అన్నం ముట్టడం లేదు."

బసవలింగం కూర్చోకుండానే చెప్పేశాడు. గొట్టం, విరగడం, గంజి, మెతుకులు, అన్నీ.

సాయిసుధ ముఖం తిప్పుకుంది. "ఇవాళ వద్దు బాబాయ్. నన్ను నవ్వించొద్దు."

"నిజమమ్మా!"

"చీర నడిచింది కూడా నిజమేగా?"

యాభై ఎనిమిదేళ్లలో బసవలింగం మాటకు పనిపడింది ఆ రోజే, ఆ రోజే అది చెల్లలేదు.

"పళ్లెం తెచ్చిపెట్టమ్మా జ్యోతీ. ఒక గ్లాసు నీళ్లు కూడా."

రెండు రకాల పుల్లలనూ పళ్లెంలో పక్కపక్కన పెట్టాడు. వేలు ముంచి కొత్త పుల్ల మీద ఒక బొట్టు వదిలాడు. బొట్టు గుండ్రంగా నిలబడింది. నాగజ్యోతి పది లెక్కపెట్టేదాకా మెల్లగా ఇంకింది. పాత పుల్ల మీద వదిలాడు. బొట్టు ఉందో లేదో చూసేలోపే లేదు.

సాయిసుధ తిరిగి కూర్చుంది. ఫోను కెమెరాలో పెద్దది చేసి చూసింది. ఇంకో పుల్ల తీసి తనే బొట్టు వేసింది. ఇంకోటి.

"గంజి కాలిపోయి దారులు మిగిల్చింది," అంది తనలో తను అనుకుంటున్నట్టు. "లోపల తయారైన సరుకు త్వరగా బయటపడింది. మసి కట్టే తీరిక లేదు..." ఉన్నట్టుండి తలెత్తి, "ఉప్పు వేశారా?" అంది.

"ఏంటి?"

"గంజిలో ఉప్పు! ఉప్పు తగిలితే ఈ ఉత్ప్రేరకం పనికిరాదు."

"ఎక్కడి ఉప్పమ్మా! బీపీ అని డాక్టరు మాన్పించి ఏడాదైంది. గోడకి కొట్టే సున్నం తాగినట్టుంటుంది."

సాయిసుధ అన్నం పెట్టమని వాళ్లమ్మకి చెప్పింది.

సోమవారం బసవలింగం ప్రకాశరావు గారి ముందు నిలబడి అదే మాట మళ్లీ చెప్పాడు, ఒక్క పోగు కూడా సాగదీయకుండా. ఆయన సాయిసుధ వైపు తిరిగి, "ఇది కూడా ఈయన కథల్లో ఒకటేనా?" అన్నారు.

"బొట్టు నేను వేసి చూశాను సార్. శుక్రవారం దాకా ఆగండి."

కంపెనీ వాళ్లకి చేయడానికి తీసిన ఫోనును ఆయన జేబులో పెట్టుకున్నారు.

ఈసారి గంజిని తూకం వేశారు. బసవలింగం చేతి అందాజుకు, తూకానికి తేడా అర గ్రాము వచ్చింది. ఆయన తూకాన్నే అనుమానంగా చూశాడు. సోమవారం వత్తి ఆరబెట్టారు, మంగళవారం కాల్చారు, బుధవారం పొద్దున ఎనిమిదికి నూనె వదిలారు. శుక్రవారం పదింటికి కంపెనీ వాళ్లు ముగ్గురు వచ్చేసరికి ఉత్ప్రేరకానికి యాభై గంటల వయసు. అంకెలు ఇంకా దిగలేదు. వాళ్లు సాయంత్రం దాకా కూర్చుని, నోటుబుక్కు తిరగేసి, సాయిసుధను ప్రశ్నలడిగి వెళ్లారు. నోటుబుక్కులో సోమవారం పేజీ మీద 'వరిగంజి, ఉప్పు లేనిది; సలహా: బసవలింగం' అని ఉంది.

ఉద్యోగం పోలేదు. మెమో ఒకటి వచ్చింది, ల్యాబులోకి తినుబండారాలు తేకూడదని. మర్నాడే ప్రకాశరావు గారు, రెండు లీటర్ల గంజి తెమ్మని కబురు పెట్టారు.

కంపెనీ వాళ్లు వెళుతూ వెళుతూ బసవలింగానికొక షర్టు గుడ్డ ఇచ్చారు. ఇంటికి తెచ్చి భార్య పార్వతి చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పాడు. ఆవిడ వింటూనే గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"పాలిస్టరు. దీనికి గంజి పట్టదయ్యా."

"పట్టాల్సిన చోట ముందే పట్టిందే!"

"ఆఁ, ఆఁ," అంది పార్వతి. "చీర నడిచిన కథే బాగుంది." గుడ్డ మడతపెట్టి లోపలికి వెళ్లింది.