నోరు మూసి తీసిన అచ్చు

అతన్ని కొట్లో అందరూ చెవులాయన అంటారు. చెవి మిషన్లకీ, మోత ఎక్కువుండే ఫ్యాక్టరీల్లో వాడే ఇయర్ ప్లగ్గులకీ కొలత కోసం చెవి అచ్చులు తీయడం అతని పని. ఇరవై రెండేళ్లుగా ఎదుటి మనిషి మొహం కన్నా ముందు చెవి చూస్తాడు. అలాంటివాడికి మెటల్ సంగీతం పిచ్చేమిటో, చెవులు చిల్లులు పడే ఆ గోలలో నిలబడి తల ఊపుకోవడమేమిటో చుట్టాలెవరికీ అంతుపట్టేది కాదు. "వారమంతా ఊళ్లోవాళ్ల చెవులు బాగుచేస్తాడు, ఆదివారం తనవి పాడుచేసుకొస్తాడు" అని వాళ్ల అక్క ఎగతాళి చేసేది.

ఆ పిచ్చి అంటించింది అక్క మొగుడే. బావ లిఫ్టులు రిపేరు చేసేవాడు. ఏ బ్యాండ్ ఎక్కడ వాయిస్తోందని తెలిసినా సరే, బావా బావమరిదీ నల్ల టీషర్టులు తగిలించుకుని రైలెక్కేసేవాళ్లు. తిరిగొచ్చాక రెండు రోజులు మెడలు పట్టేసి, తల తిప్పాలంటే మనిషంతా తిరగాల్సి వచ్చేది.

పదకొండు నెలల కింద బావ పోయాడు. పని మధ్యలో ఛాతీ పట్టేసినట్టుందని మెట్ల మీద కూర్చున్నాడట, అంతే. చెవులాయన ఏడవలేదు. ఆసుపత్రి కాగితాల దగ్గర్నుంచి వచ్చినవాళ్లకి కుర్చీలు వేయించేదాకా అన్నీ దగ్గరుండి చూసుకున్నాడు. "పాపం, గుండె దిటవు చేసుకున్నాడు" అన్నారు జనం. గుండె దిటవూ లేదు, గాడిద గుడ్డూ లేదు! అతనికి ఏమీ అనిపించలేదు, అదీ సంగతి. టీ వేడిగా ఉందని తెలిసేది కానీ నాలుక కాలిందని మర్నాటిదాకా తెలిసేది కాదు. ఇంట్లో పాటలు పెట్టుకుని చూశాడు. డ్రమ్ములు మోగుతున్నాయి, చెవి దాటి లోపలికి దిగట్లేదు.

అప్పుడొచ్చింది ఆ కచేరీ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మైదానంలో ఏడు బ్యాండ్లు. టికెట్లు రెండూ బావే ఎప్పుడో తీసిపెట్టాడు. చెవులాయన మనసులో ఉన్నది ఒకటే. ఆ స్పీకర్ల ముందు నిలబడ్డా ఏమీ కాకపోతే, తనకిక ఎక్కడా ఏమీ కాదు. ఆ సంగతేదో తేల్చుకొద్దామని బయల్దేరాడు. భయం వేస్తే బాగుండుననుకున్నాడు, అదీ వేయలేదు.

"రెండో టికెట్ మీద నేనొస్తా" అంది అక్క.

"నువ్వా? అక్కడ నీకు తలనొప్పి తప్ప ఏం రాదు."

"ఇరవై ఏళ్లు నన్నొదిలేసి మీ ఇద్దరూ ఏం చూడ్డానికి పోయేవాళ్లో నేనూ చూస్తా. ఏం, నాకు చెవుల్లేవా?"

చెవులున్నాయి కాబట్టే ప్లగ్గులు చేయాల్సొచ్చింది, అక్కడే చెవులాయన పొరపాటు చేశాడు. చెవిలోకి గులాబీరంగు ముద్ద ఎక్కించి, అది గట్టిపడేదాకా మనిషిని కదలనివ్వకుండా కూర్చోబెట్టి అచ్చు తీస్తారు. దవడ కదిలితే చెవి లోపలి దారి ఆకారం మారిపోతుంది. అందుకని కచేరీలకెళ్లే వాళ్లకి పళ్ల మధ్య చిన్న దిమ్మ పెట్టి, నోరు బాగా తెరిపించి తీయాలి. లేకపోతే అరిచినప్పుడల్లా ప్లగ్ వదులై మోతంతా లోపలికొచ్చేస్తుంది. ఇది అతను కొట్లో కొత్తవాళ్లకి నేర్పే మొదటి పాఠం. తీరా సొంత అక్క దగ్గరికొచ్చేసరికి "నోరు మూసుకుని కూర్చో" అన్నాడు. మా అక్క అరిచే మనిషా, అనుకున్నాడు మహానుభావుడు.

"ఆఖరికి తమ్ముడి చేత కూడా నోరు మూయించుకున్నా" అంది అక్క, పెదాలు కదపకుండా.

మైదానం మధ్యాహ్నం రెండింటికే నిండిపోయింది. గడ్డాలవాళ్లు, పచ్చబొట్లవాళ్లు, జాకెట్ల నిండా బ్యాండ్ల పేర్లు కుట్టించుకున్నవాళ్లు. వాళ్ల మధ్య అక్క ఇస్త్రీ నలగని బట్టల్లో, హ్యాండ్‌బ్యాగ్ గుండెలకి హత్తుకుని నిలబడింది. పుర్రె బొమ్మ టీషర్టు వేసుకున్న ఒకాయన పక్కకి జరిగి "ఇటు రండమ్మా, ఇక్కణ్నుంచి బాగా కనపడుతుంది" అని చోటిచ్చాడు.

"వీళ్లింత మర్యాదస్తులని ఆయనెప్పుడూ చెప్పలేదే!" అంది అక్క.

నాలుగో బ్యాండంటే బావకి ప్రాణం. వాళ్లు మొదలెట్టగానే నేల అదిరింది. చెవులాయన కళ్లు మూసుకుని ఎదురుచూశాడు. బేస్ పొట్టలో గుద్దుతోందని తెలుస్తోంది. గిటార్లు శుభ్రంగా పలుకుతున్నాయి. డ్రమ్మర్ ఒకచోట తొందరపడ్డాడు. మెడ దానంతటదే ఊగుతోంది, అలవాటైన మెడ కదా. అంతకుమించి ఏమీ లేదు. రెండో పాటకీ అంతే. మూడోది బావ కళ్లు తుడుచుకుంటూ వినే పాట, దానికీ అంతే. సరే, తేలిపోయింది, అనుకున్నాడు. ఇళ్లకెళ్లే రద్దీ మొదలవకముందే అక్కని తీసుకుని బయటపడదామని పక్కకి తిరిగాడు.

అక్క అరుస్తోంది. మెడ నరాలు ఉబ్బి, నోరు ఇంతింత తెరిచి, హ్యాండ్‌బ్యాగ్ నెత్తిమీదికెత్తి మరీ అరుస్తోంది. అతని ప్లగ్గులు భేషుగ్గా కుదిరినవి కావడంతో ఒక్క ముక్క వినపడలేదు. అతనికి ముందు తట్టింది పని సంగతే. నోరు మూసి తీసిన అచ్చది, ఈపాటికి వదులైపోయుంటుంది, అక్క చెవులు పోతాయి! గబగబా తన ప్లగ్గులు పీకేసి ఆవిడ చెవుల మీద అరచేతులు పెట్టబోయాడు. పాట టక్కున ఆగింది.

"ఏమండీ!"

చుట్టూ వేలమంది బ్యాండ్ పేరు అరుస్తుంటే అక్క ఆ ఒక్క మాటే అరుస్తోంది. "ఏమండీ! ఏమండోయ్!" గొంతెత్తి అరవడానికి ఆవిడకి అలవాటైన మాట అదొక్కటే మరి. ప్లగ్గులు పెట్టుకోవడం నామోషీ అనుకుని బావ ఈ కచేరీల్లోనే సగం చెవుడు తెచ్చుకున్నాడు. వంటింట్లోంచి అక్క ఎంత పిలిచినా పలికేవాడు కాదు. పక్కన కూర్చున్న చెవులాయన మోచేత్తో డొక్కలో పొడిచి "బావా, అక్క పిలుస్తోంది" అంటే తప్ప లేచేవాడు కాదు. అరిచే మనిషి కాదట! ఆ ఇంట్లో రోజుకి పదిసార్లు అరిచేది.

అతని మోచెయ్యి లేచింది. ఎడమవైపు గట్టిగా పొడిచి "బావా, అక్క పిలుస్తోంది" అన్నాడు చెవులాయన.

పుర్రె బొమ్మ టీషర్టాయన డొక్క పట్టుకుని ఇటు తిరిగాడు.

బావ లేడు. పదకొండు నెలల నుంచీ లేడు. ఎంత పొడిచినా, ఎవరు పిలిచినా ఇక పలకడు. ఆ సంగతి చెవులాయనకి అప్పుడు తెలిసింది. నిలబడ్డవాడు నిలబడ్డట్టే కిందకి కూలిపోయాడు. బ్యాండ్ మళ్లీ పాట అందుకుంది. ఆ జనంలో ఒక పద్ధతుంది. ఎంత ఊపులో ఉన్నా సరే, మనిషి కిందపడితే ఆగి లేపాల్సిందే. నాలుగైదు జతల చేతులు అతని చంకల కింద దూరాయి. గెంతుతున్నవాళ్లు వెనక్కి జరిగి చుట్టూ చోటు చేశారు. "ఒరేయ్, ఏమైందిరా, ఒరేయ్!" అంటూ అక్క తోసుకొచ్చి అతని తల పట్టుకుంది.

డొక్కలో పోటు తిన్నాయనే వంగి, చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అడిగాడు. "దెబ్బ తగిలిందా బ్రదర్?"

"తగిలింది" అన్నాడు చెవులాయన, అక్క చెయ్యి పట్టుకుని వెక్కుతూ. "చాలా గట్టిగా తగిలిందండీ."