రెండు బోర్డుల ఇల్లు

కమలాదేవికి కరెంటు సంగతి చెవితో తెలుస్తుంది. బల్బు వంక చూడనక్కర్లేదు. ఫ్యాను చప్పుడులో కాస్త బరువు చేరిందంటే వోల్టేజి దిగుతోందని అర్థం. ఫ్రిజ్జు మూలగడం మొదలెట్టిందంటే ఇంకా దిగిందని. అప్పుడావిడ చేతిలో ఏ పనున్నా పక్కన పెట్టి మెట్ల మలుపు దగ్గరికి వెళ్తుంది. గోడకున్న నల్ల పిడిని ఒకటో నెంబరు నుంచి రెండో నెంబరుకి టక్కున తిప్పి మళ్లీ వంటింట్లోకి వచ్చేస్తుంది. ఈ పనికి ఆవిడని ఎవరూ ఎన్నడూ మెచ్చుకోలేదు. కానీ ఆ మేడ మీద కాలిపోయిన ఫ్రిజ్జు లేదు, మాడిపోయిన మిక్సీ లేదు.

ఆమదాలవలసలో స్టేషను రోడ్డు మీద వాళ్ల మేడ. కింద ఆవిడ భర్త బంగారురాజు కిరాణా కొట్టు, పైన కాపురం. ఒకప్పుడు కొట్టు పక్కన పిండిమర ఉండేది. దానికోసం మూడు ఫేజుల కరెంటు తీసుకున్నారు. మర పోయింది, మూడు ఫేజులూ మిగిలాయి. ఒకటి నీరసిస్తే ఇంకోదాని మీదికి మారడానికి కింద కొట్టులో ఒక పిడి, పైన మెట్ల మలుపులో ఒక పిడి. కిందది బంగారురాజుది, పైది కమలాదేవిది. ముప్పై ఏళ్లుగా ఎవరి పిడి వాళ్లు తిప్పుకున్నారే తప్ప, నేను ఫలానా నెంబరు మీదున్నానని ఒకరికొకరు చెప్పుకున్న పాపాన పోలేదు. అవసరం పడలేదు.

అవసరం పడింది హుద్‌హుద్ తుఫాను వెళ్లిన మరుసటి ఏడు.

కోడలు సింధూరి లెక్కల్లో ఎమ్మెస్సీ. పార్వతీపురంలో ఉండగా కాలేజీలో పాఠాలు చెప్పేది. పెళ్లయి ఇక్కడికొచ్చిన ఏడాదిన్నరలో పప్పు నానబెట్టడం, కొట్టుకి టీ పంపడం తప్ప వేరే పాఠం లేకపోయింది. ఇంటర్నెట్టులో పిల్లలకి లెక్కలు చెప్పించే కంపెనీ ఒకటి ఆమెకి పరీక్ష పెట్టి, నచ్చి, ఒక వారం చెప్పి చూపించమంది. సోమ, బుధ, శుక్రవారాలు, సాయంత్రం ఆరు నుంచి ఏడు. పాఠం మధ్యలో లైను నిమిషం మించి పోతే తెగినట్టే. మూడుసార్లు తెగితే ఇంక పిలవరు. సెల్ఫోను నెట్టు పనికిరాదు, ఇంట్లో కేబులు లైను ఉండాలన్నారు.

కేబులు లైను ఉంది, కింద కొట్టులో ఉంది. దొంగల భయానికి పెట్టిన కెమెరాల కోసం వేయించారు. మేడ మీద వెనక గదిలోకి దాని వైఫై ఎక్కదు. నడుమ పాతకాలపు గోడలు, స్లాబు. కొడుకు భరణి మొదట కిటికీలోంచి తీగ లాగాడు. నాలుగు రోజులు తిరక్కుండా కోతులు దాన్ని పట్టుకుని ఊగి తెంపేశాయి. గోడకి కన్నం పెడదామంటే బంగారురాజు పడనివ్వలేదు. రంగులు వేయించి ఆర్నెల్లు కాలేదట. భరణికి విజయనగరంలో మందుల కంపెనీ ఉద్యోగం. ఎవరో చెబితే విశాఖపట్నంలో వెతికి, ఒక జత తెల్ల పెట్టెలు తెచ్చాడు. ఒక్కోటీ సబ్బుబిళ్లకి రెండింతలుంటుంది, వెనక ప్లగ్గు పిన్నులు.

"గోడలోపల కరెంటు వైరు ఉన్నాది కదా, దాన్లోంచే నెట్టు పైకెక్కొస్తాది," అన్నాడు భరణి ఆదివారం నాడు పెట్టె విప్పుతూ.

"కరెంటులోంచి వచ్చిన నెట్టుకి షాకు ఉండదేటి?" అన్నాడు బంగారురాజు. "పిల్ల కంప్యూటరు ముట్టుకోగానే ఎగిరి మంచం మీద పడతాది, సూసుకో."

"ఉండదు నాన్నా."

"సరే, ఇంత పెట్టి తెచ్చి వట్టి గోడకి గుచ్చుతావేట్రా? స్టెబిలైజరుకి ఎట్టు."

తండ్రి మాట కాదనలేక భరణి ఒకదాన్ని కింద ఫ్రీజరు స్టెబిలైజరుకీ, ఇంకోదాన్ని పైన టీవీ స్టెబిలైజరుకీ పెట్టాడు. ఒక్కోదానికి మూడేసి లైట్లు. రెండు వెలిగాయి. ఇల్లు బొమ్మ ఉన్న మూడోది వెలగలేదు. గంటసేపు పైకీ కిందికీ తిరిగి బొత్తాలు నొక్కాడు. సింధూరి నేల మీద కూచుని, అగ్గిపెట్టెంత చిన్నగా మడిచిన సూచనల కాగితం విప్పి మొదట్నుంచీ చదివింది.

"స్టెబిలైజరుకి పెట్టొద్దని రాశాడు. ఎక్స్‌టెన్షన్ బోర్డుకీ వద్దట. నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టాలట. ముందు రెంటినీ పక్కపక్కన పెట్టి కలపాలట."

పెట్టారు. ఒకదాని బొత్తాం నొక్కి, రెండు నిమిషాల లోపు రెండోదాని బొత్తాం నొక్కారు. రెంటిమీదా ఇల్లు బొమ్మ పచ్చగా వెలిగింది.

"ఇంక ఒకదాన్నొకటి మరిచిపోవు," అన్నాడు భరణి. "కింద ఒకటి, పైన ఒకటి పెట్టీడమే."

"మా పెళ్లిసూపులకి కూడా ఇంతసేపు పట్టలేదు," అని బంగారురాజు కొట్టులోకి దిగిపోయాడు.

సోమవారం ఆరింటికి సింధూరి వెనక గది తలుపు వేసుకుంది. వంటింట్లో కమలాదేవి వంకాయలు తరుగుతోంది. ఆరున్నర కావస్తుండగా వీధిలో కొట్ల లైట్లన్నీ వెలిగాయి, ఫ్యాను చప్పుడు బరువెక్కింది. తుఫానుకి పాత ట్రాన్సుఫార్మరు కూలిపోయి కొత్తది పెట్టినప్పట్నుంచీ సాయంత్రమైతే ఒకటో ఫేజుకి ఇదే రోగం. ఆవిడ లేచి వెళ్లి పిడి తిప్పి వచ్చింది. కాసేపటికి వెనక గదిలోంచి "హలో, వినిపిస్తోందా? హలో" అని నాలుగైదుసార్లు వినబడి, తర్వాత ఏమీ వినబడలేదు.

తొమ్మిదింటికి భరణి రైలు దిగి వచ్చి చూస్తే మూడు లైట్లూ చక్కగా వెలుగుతున్నాయి. అప్పటికి కమలాదేవి రోజూలాగే పిడిని ఒకటికి తిప్పేసింది. కొట్లు కట్టేశాక ఒకటో ఫేజు తేరుకుంటుంది, రెండోదాని మీద రైసుమిల్లులు నడవడం మొదలవుతుంది.

బుధవారమూ అంతే. ఆరున్నర కాకుండానే పాఠం తెగింది.

"సామాను బాగానే ఉన్నాది. నువ్వే ఏదో నొక్కీసుంటావు," అన్నాడు భరణి.

"ఏమీ ముట్టుకోలేదు నేను."

"మరి దానంతట అదే పోతాదేటి?"

సింధూరి అన్నం దగ్గర కూచుని తినకుండానే లేచిపోయింది. ఇంక మిగిలింది శుక్రవారం ఒక్కటే.

గురువారం సాయంత్రం సింధూరి కూరగాయలకి వెళ్లింది. కమలాదేవి వెనక గదిలో బట్టలు మడతపెడుతోంది. గోడ మీద తెల్ల పెట్టె, మూడు పచ్చ చుక్కలు. ఫ్యాను బరువెక్కింది. ఆవిడ వెళ్లి పిడి తిప్పి వచ్చి, చీర అంచు అందుకుంది. పెట్టె మీద రెండే చుక్కలున్నాయి. ఇల్లు బొమ్మ ఆరిపోయింది.

చీర మంచం మీద పడేసి వెళ్లి పిడిని ఒకటికి తిప్పింది. వచ్చి నిలబడింది. ఇరవై అంకెలు లెక్కపెట్టేలోపు ఇల్లు బొమ్మ వెలిగింది. మళ్లీ వెళ్లి రెండుకి తిప్పింది, ఆరిపోయింది. మూడోసారికి అనుమానం మిగల్లేదు.

ఆవిడ మంచం అంచున కూలబడింది. ఎవరూ చూడలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పెట్టెదే లోపమని భరణి తిరిగి ఇచ్చేస్తాడు. కోడలు నాలుగు రోజులు ముఖం ముడుచుకుని, తర్వాత మామూలుగా సాయంత్రం వంటింట్లోకి వస్తుంది. సోమవారం పాఠం ఆగిపోయిందని విన్నప్పుడు తన మనసులో మెదిలిన మాట ఆవిడకి ఇప్పుడు గుర్తొచ్చింది. పోన్లే, కూర తరగడానికి ఒక చెయ్యి ఉంటుంది. అంతే అనుకుంది, పైకి అనలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, తెలియక తిప్పిన చెయ్యికీ ఆ మాట అనుకున్న మనసుకీ ఎంత దూరమో ఆవిడకే అంతుపట్టలేదు. పిడి ఎందుకు తిప్పుతుంది? సామాను కాలిపోకుండా. ఇంట్లో ఏదీ పాడవకూడదనే కదా ఇన్నాళ్లూ చెవి అప్పగించి కూచుంది. ఈ పిల్ల చదువు ఏడాదిన్నరగా మూలపడి ఉంటే ఆ చెవికి ఎందుకు వినబడలేదు?

సింధూరి సంచీ తెచ్చి గుమ్మంలో పెట్టింది.

"సింధూ, నీ లైను తెంపింది నానే," అంది కమలాదేవి. పిడి సంగతి, లైటు సంగతి చెప్పింది.

సింధూరి సంచీలోంచి టమాటాలు తీసి ఒక్కొక్కటే పళ్లెంలో పెట్టింది. "తెలిసే తిప్పారా అత్తయ్యా?"

"తెలీక తిప్పేను. తెలిసుంటే తిప్పకుండా ఉందునా అంటే, అదీ గట్టిగా సెప్పలేను. నువ్వు గదిలో తలుపేసుకుంటే నాకు పని పెరిగినాది. ఉన్నమాట."

సింధూరి ఆఖరి టమాటా పళ్లెంలో పెట్టి అంది, "మీరు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు."

"అందుకే సెప్పేను."

తర్వాత ఇద్దరూ మెట్ల మలుపులో నిలబడి ఆ పిడి కేసి చూశారు. కింద కొట్టు ఎప్పుడూ ఒకటో ఫేజు మీదే ఉంటుంది, అక్కడి తెల్ల పెట్టె కూడా దాని మీదే. పైన రెండుకి మారిస్తే రెండు పెట్టెలూ వేర్వేరు దారుల్లో పడతాయి. కిందా పైనా ఒకే నెంబరు మీద ఉంటేనే కలుస్తాయి. మార్చాలంటే రెండుచోట్లా మార్చాలి.

"కేబులు పెట్టెకి కింద యూపీఎస్ బ్యాటరీ ఉంది, నా ల్యాప్‌టాప్‌కీ బ్యాటరీ ఉంది కాబట్టి అవి ఆగవు," అంది సింధూరి. "వెంటవెంటనే మారిస్తే అర నిమిషంలో మళ్లీ అందుకుంటాయి. కానీ రేపటికి ఎందుకు ఆ గొడవ? మీరు తిప్పకుండా ఉంటే చాలు. ఫ్రిజ్జు ఆపేద్దాం."

అయినా కమలాదేవి శుక్రవారం మధ్యాహ్నం భోజనం దగ్గర భర్తని అడిగింది. "ఇయ్యాల కొట్టుని రెండులో ఎట్టరాదా?"

"మా నాయిన ఒకటిలో ఎట్టేడు. అక్కడే ఉన్నాది. కరెంటు పూర్తిగా పోతే తప్ప నాను ముట్టను. అందులో దీపాలు పెట్టిన ఏళ అసలే ముట్టను. ఆ బోర్డుకి పసుపు రాసి బొట్టెడతాం. అదేటి ఆటబొమ్మా?"

ఆవిడ మజ్జిగ పోసింది.

ఆరింటికి పాఠం మొదలైంది. ఆరుంబావుకి ఫ్యాను బరువెక్కింది. కమలాదేవి చేతులు ఒళ్లో పెట్టుకుని కూచుంది. ఆరూ ఇరవైకి ట్యూబులైటు చివర్లు ఎర్రబడ్డాయి. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేటట్టు తిరుగుతున్నాయి. ఇది రోజూ దిగే దిగుడు కాదు. ఇలాంటి దిగుడు ఆవిడ విన్నది తుఫాను ముందు ఒకసారి, అప్పుడు ఫేజు పూర్తిగా పోయింది. పోతే కిందా పైనా ఒక్కసారే పోతుంది. పైన ఒక్కటే తిప్పితే లైను తెగుతుంది, తిప్పకపోయినా తెగుతుంది.

లేచింది. మలుపులో పిడిని రెండుకి తిప్పి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని మెట్లు దిగింది. మోకాళ్లు వద్దంటున్నాయి. మెట్లు తిన్నగా గల్లాపెట్టె వెనక్కి దిగుతాయి. కొట్టులో అప్పుడే దీపం వెలిగించి అగరొత్తి గుచ్చారు. ఎదర గంగులు అని పాత ఖాతాదారు, బెల్లం తూయించుకుంటున్నాడు. బంగారురాజు చేతిలో బెల్లం ముక్క. కమలాదేవి అతని భుజం మీదుగా చెయ్యి చాచి, బొట్టు పెట్టిన బోర్డు మీద పిడిని రెండుకి తిప్పింది.

కొట్టు రెప్పపాటు చీకటై, వెలిగింది.

"ఏటే ఇది?" అన్నాడు బంగారురాజు.

"ఒక్క నిమిషం ఉండండి."

ఆవిడ అతని వంక చూడలేదు. బల్ల కింద గోడకున్న తెల్ల పెట్టె కేసి చూస్తోంది. రెండు చుక్కలు. పది లెక్కపెట్టింది. పదిహేను. బంగారురాజు కూడా, ఎందుకో తెలియకుండానే, వంగి అటే చూశాడు. ఇరవై. నిన్న ఈపాటికి వెలిగింది. ఇరవై నాలుగు. ఇల్లు బొమ్మ ఒకసారి మిణుకుమని ఆరి, తర్వాత నిలకడగా వెలిగింది. పైనుంచి సింధూరి గొంతు దిగొచ్చింది. "ఆ, ఇప్పుడు వినిపిస్తోందా? సరే, ఆ భిన్నం దగ్గరికే వద్దాం."

కమలాదేవి గోడకి చేరబడి ఊపిరి తీసుకుంది. అదే సమయానికి ఎదుటి మందుల షాపు, దాని పక్కన టైలరు కొట్టు, స్టేషను దాకా ఒకటో ఫేజు మీదున్న ఆ వరసంతా ఆరిపోయింది.

గంగులు వీధి వంక, బోర్డు వంక, ఆవిడ వంక చూశాడు. "అమ్మగారి సెయ్యి పడ్డాది, ఈదంతా ఆరిపోనాది."

"నోర్ముయ్యరా, బెల్లం పట్టుకో," అన్నాడు బంగారురాజు. వీధి కేసి కాసేపు చూశాడు. బోర్డు కేసి చూశాడు. తూకం సరిచేసుకున్నాడు.

ఆవిడ పైకి వెళ్లలేదు. ఆ నల్ల పిడి పక్కనే స్టూలు లాక్కుని ఏడింటిదాకా కూచుంది. వెళ్లమని అతనూ అనలేదు. మధ్యలో ఒకరికి ఉప్పు ప్యాకెట్టు అందించింది.

ఏడు దాటాక సింధూరి మెట్లు దిగి వచ్చి ఆఖరి మెట్టు మీద నిలబడింది. "తెగినట్టు కంపెనీవాళ్లు రాయలేదు అత్తయ్యా. తెర మీద బొమ్మ కాసేపు ఆగిందంతే. సోమవారం నుంచి రోజూ ఆరింటికి కుదురుతుందా అని అడుగుతున్నారు. ఇంట్లో అడిగి చెప్తానన్నాను."

అడిగింది మామగారినీ కాదు, ఇంట్లో లేని భరణినీ కాదు. కమలాదేవికి తెలుసు. రోజూ ఆరింటికి అంటే రోజూ కూర, చారు, అందరి పళ్లేలూ తనవే. నిన్నైతే ఇంకోలా అనేదేమో.

"కుదుర్తాదని సెప్పు," అంది. భర్త వైపు తిరిగింది. "రోజూ దీపం పెట్టకముందే, అయిదున్నరకి, కొట్టు రెండులో పడాలి. మీరు తిప్పుతారా, నన్ను దిగిరమ్మంటారా?"

బంగారురాజు గల్లాపెట్టె మీద లేని దుమ్ము తుడిచాడు. "నానే తిప్పుతాన్లే. నువ్వు పైన తిప్పినప్పుడు ఓ కేకెయ్యి."

"ఏస్తాను," అని కమలాదేవి లేచింది. పైన బియ్యం ఇంకా కడగలేదు.