వేడెక్కాక వచ్చే గొంతు

నేను ఒక సింథసైజర్‌ని. పేరుకు నోరు తిరగకపోతే మొహమాటపడకండి. ఏళ్ల తరబడి నాతో బతికిన నాటకాలవాళ్లే నన్ను 'పెట్టె' అంటారు. హార్మోనియంలాగా నాలో గాలి ఆడదు. కరెంటే నా ఊపిరి. మీట నొక్కి, నాబులు తిప్పితే ఆ కరెంటు స్వరమవుతుంది.

పుట్టింది జపాన్‌లో. అక్కణ్ణించి మద్రాసులో ఒక రికార్డింగు థియేటర్‌కి వచ్చాను. అక్కడ చెప్పులు విప్పితేగాని నన్ను తాకనిచ్చేవారు కాదు. కొత్త మోడల్ రాగానే ఆ భక్తి దానికి బదిలీ అయింది. మనుషుల భక్తి నిజమైనదే, విగ్రహమే మారుతుంటుంది. తర్వాత కొన్నాళ్లు ఏలూరులో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో మోగాను. చివరికి తెనాలి దగ్గర మస్తాన్‌రావు నడిపే పౌరాణిక నాటక సమాజంలో, కోటిలింగం చేతుల్లో పడ్డాను.

చక్రాయుధం తిరిగే చప్పుడు నాదే. అంతకన్నా పెద్ద పని పద్యం వెనక నిలవడం. మస్తాన్‌రావు కృష్ణుడు వేస్తాడు. పద్యం చివర రాగం ఎంతసేపు తీస్తాడో ఆయనకే తెలియదు, అది జనం చప్పట్లను బట్టి ఉంటుంది. కోటిలింగం ఆయన మెడ నరాన్ని చూస్తూ నన్ను నడిపేవాడు.

వయసు మీదపడి నాలో ఒక చిప్పు అలిసిపోయింది. పద్యం మధ్యలో మూగబోసాగాను. అలాంటి చిప్పులు ఇప్పుడెవరూ చేయడం లేదట.

"సౌండ్లన్నీ ఫోన్లో పెట్టుకుందాం లేరా కోటీ," అన్నాడు మస్తాన్‌రావు. "నువ్వు హాయిగా ముందు వరసలో కూసోని చూడు."

"మరి నువ్వు రాగం సాగదీస్తే ఫోను ఆగుద్దా?"

"కురచ చేసుకుంటాలేరా. ఏం చేస్తాం."

కోటిలింగం నా మీద గుడ్డ కప్పాడు. వేదిక పక్కన నన్ను వాయించే కుర్చీ తప్ప ఆయనకు వేరే లోకం లేదు.

ఆ గుడ్డ తీసింది ఆయన కూతురు వినీల. ఆ ఇంట్లో మొదటిసారి ఇంజనీరింగు చదివిన పిల్ల.

"నాన్నా, దీని గొంతు కంప్యూటర్‌తో మళ్లీ కడతా."

"గొంతు కట్టడమేందే, గోడా ఏమన్నానా?"

"గోడైతే మేస్త్రీని పిలిచేదాన్నిగా!"

నా మూత విప్పింది. లోపలంతా వేషాల పౌడరే. వైరు తగిలించగానే నా స్వరం కంప్యూటర్ తెర మీద పచ్చని అలలా కదిలింది. ఇన్నేళ్లు నేను చేసిందేమిటో మొదటిసారి నా కళ్లకు కనిపించింది. వినీల ఆ అలను కొలిచి, లెక్కలు కట్టి, ఒక చిన్న సర్క్యూట్ బోర్డులోకి ఎక్కించింది. దానికి మీటలూ నాబులూ తగిలించి చెక్కపెట్టెలో బిగించింది.

ఆదివారం రిహార్సల్లో మస్తాన్‌రావు ఒక పద్యం ఎత్తుకుని మధ్యలోనే ఆపేశాడు.

"ఏమ్మాయ్, దీనికి జలుబు చేసిందా? పాత పెట్టె నా గొంతును పైకి లేపేది. ఇది కిందికి లాగతంది."

"కొలతలన్నీ సరిపోయాయి మావయ్యా."

"కొలతలు పద్యం పాడతయ్యా? శనివారం నాటకానికి ఫోనే నయం."

ఇంటికొచ్చి వినీల నన్ను ఆన్ చేసి, ఏమీ తోచక అలాగే వదిలేసి అన్నానికి వెళ్లింది. తిరిగొచ్చి మీట నొక్కి ఉలిక్కిపడింది. అదే మీట, గొంతు వేరు.

"నాన్నా! నాటకమప్పుడు దీన్ని ఎప్పుడు ఆన్ చేసేవాడివి?"

"మస్తాను మొహానికి నీలం పూసేటప్పుడు."

"అంత ముందుగా ఎందుకు?"

"ఎందుకేంది? ఎప్పుడూ అంతే."

కృష్ణుడు తయారయ్యేలోగా నేను వేడెక్కేదాన్ని. నా స్వరం వెంట్రుకవాసి పైకి జరిగి, మెత్తబడేది. వినీల ముసలి యంత్రాన్ని అలసిపోనివ్వకూడదని, ఆన్ చేసిన వెంటనే కొలిచి ఆపేసేది. నా మీద జాలే ఆమెను తప్పుదారి పట్టించింది.

ఈసారి ఆపలేదు. వేడెక్కేకొద్దీ కొలుస్తూ పోయింది. ఆఖరి మీట దగ్గర నా చిప్పు ఆరిపోయింది. వినీల నా మూత మీద చెయ్యి వేసి, చాలాసేపు తీయలేదు. ఆ తర్వాత కొత్త కొలతలను బోర్డులోకి ఎక్కించింది.

శనివారం వేదిక పక్కన కొత్త పెట్టెకు నేను బల్లనయ్యాను.

"ఒక్క పద్యం చూస్తా కోటీ. తేడా వస్తే ఫోనే," అని కిరీటం సర్దుకుని మస్తాన్‌రావు వెళ్లాడు.

పద్యమెత్తాడు. రాగం తీశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇంకా తీశాడు. కోటిలింగం చెయ్యి ఆయన మెడ నరంతోపాటే కదిలింది. నా మీద ఉన్న పెట్టె అలసిపోకుండా ఆయన వెంట నడిచింది. "వన్స్ మోర్!" అని అరిచారెవరో. కృష్ణుడు వేషం సంగతి మరిచి పక్కకు తిరిగాడు.

"ఇంకాస్త లేపరా కోటీ!"

ఆ గొంతు నాదేనా, నేను లేకుండా అది నాదెలా అవుతుంది అని ఆలోచనలో పడ్డాను. ఇంతలో తాళం వేస్తున్న కోటిలింగం పాదం నా ఒంటికి తగిలింది. ఆలోచన మాని, పద్యం వినసాగాను.