మామయ్య సమాధి దగ్గర దువా

మా మామయ్య కహారుద్దీన్ 1946లో ఊరికి తిరిగి వచ్చేసరికి మసీదు వెనక ఆయన సమాధి నాచు పట్టి ఉంది.

డచ్చి ప్రభుత్వం ఆయన్ని పాపువా అడవుల్లోని ప్రవాస శిబిరానికి పంపి పన్నెండేళ్ళయింది. ముస్లిం సంఘం పెట్టి, మసీదు మసీదుకూ తిరిగి, స్వరాజ్యం అడగడం నమాజంత విధి అని చెప్పిన మనిషి. మా వంశానికి ఆయనే దాతుక్, అంటే పెద్ద. మా మినాంగ్ తెగవాళ్ళలో ఆ పదవి మేనమామ నుంచి మేనల్లుడికి వస్తుంది. పెద్ద బతికుంటే ఆయన ఒప్పుకోవాలి. పోతే సమాధి మీది ఎర్రమట్టి ఆరకముందే కొత్త పేరు చెప్పాలి. దాతుక్ లేని ఇంటికి ఊరి సభలో నోరుండదు. నోరు లేని ఇంటి పొలంగట్టు ఏటా లోపలికి జరుగుతుంది. మాదీ జరిగింది. నాలుగో ఏడు మా అమ్మ శంసినార్ ఖురాన్ మీద చెయ్యి వేసి, తమ్ముడు పోయినట్టు కబురొచ్చిందని చెప్పింది. ఖాళీ గొయ్యి పూడ్చి, దాని మీద పెద్దమ్మ కొడుకు రుస్తాంను దాతుక్ చేశారు.

ఇప్పుడు కొత్త ప్రభుత్వం అధికారి ఒకాయన బుకిట్టింగి పట్నం నుంచి ఆ సమాధి మీద పూలు వెయ్యడానికి వస్తున్నాడు.

"రేపు అందరి ముందూ నా చోటు నేను అడుగుతాను," అన్నాడు మామయ్య.

"అడుగు మామయ్యా," అన్నాడు రుస్తాం. "పిన్నిది దొంగ ప్రమాణమని కూడా నువ్వే చెప్పు. నాకు నోరు రాదు."

"నోరు రాకనేనా, డచ్చి దొర పక్కన నిలబడి పన్నుల జాబితా చదివావు?"

అమ్మ వడ్డిస్తూనే ఉంది. "నువ్వు జెండా పట్టుకుని పోయావురా తమ్ముడూ. గట్టు దగ్గర నిలబడి తిట్లు తిన్నది నేను," అంది.

మామయ్య సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు అధికారి అమరుడి త్యాగం గురించి చాలాసేపు మాట్లాడాడు. ఊరంతా తలలు వంచుకుని నిలబడింది. ముందు వరసలో నెరిసిన గడ్డంతో ఉన్న మామయ్యను చూసి, "పెద్దాయనా, మీరు ఆయన్ని ఎరుగుదురా?" అని అడిగాడు.

మామయ్య అమ్మ వంక చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"ఎరుగుదును. మొండి మనిషి. ఇంట్లోవాళ్ళ సంగతి పట్టేది కాదు."

"అయితే దువా మీరే చెయ్యండి."

మామయ్య చేతులు చాచి, కహారుద్దీన్ తప్పులు మన్నించమని అల్లాను వేడుకున్నాడు. అందరికంటే ముందు ఆమీన్ అన్నది మా అమ్మ.