నొప్పి తగ్గిన రోజు

కెనడాలోని విన్నిపెగ్‌లో మన విద్యార్థులు ఉండే ఏ అద్దె ఇంటికైనా వెళ్లి చూడండి, వంటింటి అలమరలో ఒక బిస్కెట్ డబ్బా ఉంటుంది. దాన్నిండా ఊరి మెడికల్ షాపులో కొని సూట్‌కేసులో మోసుకొచ్చిన మాత్రలే. ఎవరికి ఏం జబ్బు చేసినా అదే వాళ్ల ఆస్పత్రి.

చరితకు కడుపులో నొప్పి మొదలైనప్పుడు రిషిత అందులోంచే రెండు మాత్రలు ఇచ్చింది. ఇద్దరూ జగిత్యాల పిల్లలు, ఒకే గదిలో ఉంటారు. హాస్పిటల్‌కు పోదామా అంటే చరిత వద్దంది. విదేశీ విద్యార్థులకు ప్రభుత్వ హెల్త్ కార్డు తీసేసి చాలా కాలమైంది. వీళ్ల కాలేజీ ఇన్సూరెన్సులో ముందు చేతినుంచి కట్టి, తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. కట్టడానికి ఆ నెల చేతిలో ఏముంది గనక? రిషిత కూడా గట్టిగా పట్టుపట్టలేదు.

మూడో రోజు పొద్దున నొప్పి ఉన్నట్టుండి తగ్గింది. రిషితకు ప్రాణం లేచొచ్చింది. మాత్ర పనిచేసిందనుకుని, తాను పార్ట్‌టైమ్ చేసే ప్రైవేటు వృద్ధుల కేర్ హోమ్‌కు డ్యూటీకి వెళ్లిపోయింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి చరిత ఒళ్లు కాలిపోతోంది, పిలిస్తే పలకడం లేదు. అపెండిక్స్ పగిలినందుకే పొద్దున నొప్పి తగ్గిందని ఆ రాత్రి హాస్పిటల్‌లో ఆపరేషన్ చేసిన డాక్టరు చెబితే గాని తెలియలేదు. పాపం, ఇరవై రెండేళ్ల పిల్లలకు అదెలా తెలుస్తుంది!

నాలుగు రోజులు చరిత బతుకుతుందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. తన చేత్తోనే చంపుకున్నానేమోనని రిషిత కుమిలిపోయింది. ఐదో రోజు చరిత కళ్లు తెరిచింది.

మర్నాడు డ్యూటీలో సూపర్‌వైజర్ సంతోషకుమారి ఒక కాగితం ముందు పెట్టింది. కాకినాడ నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న మనిషి ఆమె. ప్రైవేటు కేర్ హోములపై, క్లినిక్కులపై ఫీజు వేసి, ఆ సొమ్ముతో విదేశీ విద్యార్థులకు మళ్లీ ఉచిత వైద్యం ఇవ్వాలని ప్రభుత్వం ఆలోచిస్తోందట. వద్దని స్టాఫంతా రాసివ్వాలట. సంతకం పెట్టకపోతే షిఫ్టులు తగ్గిస్తారని ఓనర్ అన్నాడని, ఆమె జాలిగానే చెప్పింది. మొదటి సంతకం ఆమెదే.

రిషిత పెన్ను ముట్టలేదు.

"ఆంటీ, చరిత నిన్న కళ్లు తెరిచింది. అమ్మను అడగలేదు, నీళ్లు అడగలేదు. బిల్లెంతైందే అని అడిగింది. నేనేం చెప్పాలి?"

సంతోషకుమారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాగితం తన వైపు తిప్పుకుని తన సంతకం మీద అడ్డగీత గీసి కొట్టేసింది.

"ఇక్కడ ముసలివాళ్లకు స్నానాలు చేయించేది, పక్కలు మార్చేది మీలాంటి పిల్లలేనమ్మా. వైద్యంతో, సేవతో సంపాదించే ప్రతి సంస్థా, ఆ వైద్యం అందనివాళ్ల కోసం కొంత ఇచ్చి తీరాలి."