మంచె కాళ్ళు

కెజియా భయం ఒక్కటే. పెరట్లోని మంచె ఏదో ఒకరోజు కూలుతుంది, ఆ వేళకి మూడేళ్ల కూతురు రోజా దాని కింద బొమ్మలతో ఆడుకుంటూ ఉంటుంది. పామంటే భయమే, జ్వరమంటే భయమే, నూతిగట్టంటే భయమే. కానీ అవన్నీ వచ్చి పోయే భయాలు. ఇది మాత్రం పొద్దున్న పళ్ళు తోముకునేటప్పటి నుంచి దీపాలు పెట్టేదాకా ఆరు కాళ్ళ మీద కళ్ళెదుటే నిలబడి ఉండే భయం.

ఆ మంచె కట్టింది మామగారు యేసుదాసు. తిత్లీ తుఫానుకి తోటలో కూలిన కొబ్బరిచెట్లని కోసి, ఆరు మొద్దులు పాతి, పైన పనసచెక్కలు పరిచి మేకులు కొట్టాడు. ఎత్తు మనిషి ఛాతీదాకా ఉంటుంది. పగలు జీడిపిక్కలు ఎండుతాయి, సాయంత్రం గాలికి మనుషులు కూర్చుంటారు. చెద పట్టకుండా ఏటా ఎండల్లో కాళ్ళకి జీడినూనె పూస్తాడు ఆయన. పూసి పూసి అవి నల్లరాతిలా నిగనిగలాడుతున్నాయి. చూసినవాళ్ళు మెచ్చుకోకుండా పోరు, మెచ్చుకున్నవాళ్ళని ఆయన టీ తాగకుండా పోనివ్వడు.

ఆ గురువారం సాయంత్రం వాళ్ళింట్లో ప్రార్థన కూటం. సంఘంలోని ఆడవాళ్ళు ఇరవైమంది దాకా వస్తారు. పెద్దవాళ్ళు మంచె మీద, పిల్లలు కింద నీడలో. పొద్దున్న కెజియా పిక్కలు ఆరబోసింది. పోసినవి పోసినట్టు ఉండకుండా అన్నీ నూతి వైపు మూలకి దొర్లుకుంటూ పోయాయి. పోయిన నెల అలా దొర్లలేదు.

వెంటనే కాశీబుగ్గలో పనిలో ఉన్న మనోజ్‌కి ఫోన్ చేసింది.

"నాన్నతో పెట్టుకోకే బాబూ," అన్నాడు మొగుడు. "నన్ను తిట్టినా ఊరుకుంటాడు గానీ, మంచెని అంటే ఊరుకోడు."

కెజియా ఎనిమిదో తరగతిలో బడి మానేసి, రోజా పుట్టేదాకా జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టింది. నిండు పిక్క ఏదో, గుల్ల పిక్క ఏదో చప్పుడు విని చెప్పేస్తుంది. చదువు ఇవ్వనిది ఆ చెవి ఇచ్చింది. పచ్చడిబండ తెచ్చి ఒక్కో కాలూ తట్టింది. నాలుగు కాళ్ళు గట్టిగా ఖంగుమన్నాయి. నూతి వైపున, గిన్నెలు తోమిన నీళ్ళు పారేచోట ఉన్న రెండూ డొల్లగా పలికాయి.

"ఏటే కోడలా, మంచెకి జొరమేటి, నాడి సూత్తన్నావు?" అంటూ వచ్చాడు యేసుదాసు.

"మావయ్యా, ఈ రెండు కాళ్ళూ గుల్లయిపోనాయి. ఈ పూట దీని మీద ఎవల్నీ కూకోబెట్టకండి."

"ఓలమ్మ! ఎనిమిది సదివి ఇంజనీరైపోనావే! జీడినూనె తాగిన కర్రలే అవి. నాను పోయినా అవి పోవు."

అని ఊరుకోలేదు. మంచె ఎక్కి, లుంగీ ఎగ్గట్టి, మూడుసార్లు ధభీధభీమని ఎగిరాడు. "సూడు, ఊగిందేటి?"

ఊగలేదు. రోజా చప్పట్లు కొట్టింది. కెజియా మొహం చిన్నబుచ్చుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బియ్యం కడుగుతోందే గానీ మనసు అక్కడ లేదు. గుల్ల పిక్క పైకి ఎప్పుడూ బాగానే ఉంటుంది. రాశిలో అదే ఎక్కువ మెరుస్తుంది కూడా. పగలగొట్టాకే దాని సంగతి తెలిసేది. బియ్యం అలాగే వదిలేసి, కూతుర్ని పక్కింట్లో కూర్చోబెట్టి, గునపం పట్టుకుని మళ్ళీ పెరట్లోకి వచ్చింది. డొల్లగా పలికిన కాలి మొదట్లో జానెడు లోతు తవ్వింది.

నూనె నలుపు మట్టి దగ్గరే ఆగిపోయి ఉంది. అక్కడి నుంచి కిందకి కర్ర తడిసిన అట్టముక్కలా ఉంది. ఇంట్లోంచి స్క్రూడ్రైవర్ తెచ్చి, దానికి ఆనించి బొటనవేలితో నొక్కింది. పిడి దాకా దిగిపోయింది. లాగితే తెల్లగా చెదపురుగులు రాలాయి.

"మావయ్యా, ఒక్కపాలి ఇటు రండి."

ఆయన వచ్చాడు. వంగి చూశాడు. ఆమె చేతిలోది తీసుకుని రెండో కాల్లో తనే పొడిచాడు. అదీ దిగిపోయింది. అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"కొబ్బరిమాను పైన ఇనుం, లోన పిండి అని మా అయ్య సెప్పీవోడు. నాను పైనే పూసినాను. ఏడేళ్ళయినాది, ఒక్కపాలి తవ్వి సూడనేదు." తల ఎత్తకుండానే మళ్ళీ అన్నాడు. "ఇందాక నానెగిరింది అవతల మూల. ఈ మూలకి రానేదు. ఎందుకంటావు? నాకూ అనుమానమేనమ్మా."

 కెజియాకి కోపం వచ్చింది. కానీ ఆయన నోట 'అమ్మా' అన్న మాట కాపురానికి వచ్చాక అదే మొదటిసారి వినడం. కోపం మింగేసి గొడ్డలి అందించింది.

సాయంత్రానికి మంచె నేలకి దిగింది. ఇటుకలు పేర్చి, వాటి మీద పాత చెక్కలే పరిచారు. తుప్పు పట్టిన మేకులన్నీ ఏరి డబ్బాలో వేశారు. కూటానికి వచ్చిన ఆడవాళ్ళు నవ్వారు.

"ఏటన్నా, మంచె కుంగిపోనాదేటి?"

"కుంగక ముందే మా కోడలు దింపీసినాది," అన్నాడు యేసుదాసు. గొంతులో కాస్త గర్వం కూడా వినిపించింది.

ప్రార్థన సగంలో ఉండగా ఆయన ఉన్నట్టుండి కళ్ళు తెరిచాడు. ఏడేళ్ళ కిందట ఈ మంచె కట్టిన వారమే, మిగిలిన కొబ్బరిమొద్దులతో అక్క దయమ్మకి నందిగాంలో చిన్న మంచె కట్టి ఇచ్చిన సంగతి గుర్తొచ్చింది. దయమ్మకి డెబ్బై దాటాయి, ఒంటరి మనిషి. తిండీ దాని మీదే, మధ్యాహ్నం కునుకూ దాని మీదే. కూటం ముగియగానే ఫోన్ కలిపి సంగతంతా చెప్పాడు.

"నీ సేత్తో కట్టిందిరా ఇది," అంది దయమ్మ. "నువ్వు దిగమంటే దిగిపోతానేటి? ఇప్పుడూ దాని మీదే కూకున్నాను. కొత్త కాళ్ళు అట్టుకొని రా, అప్పుడు దిగుతాను. ఉట్టి సేతుల్తో వస్తే గుమ్మం ఎక్కనియ్యను."

ఫోన్ పెట్టేసింది. రెండు మంచెలకీ కొత్త కాళ్ళుగా వేసే సిమెంటు స్తంభాలు శనివారం గానీ రావు. ఈసారి వాటిని మట్టిలో పాతకుండా రాతిదిమ్మల మీద నిలబెడతానన్నాడు యేసుదాసు. నీళ్ళు పారేచోట కాలే వద్దంది కెజియా. రోజా చెక్కల మీద పడుకుని నిద్రపోయింది. కెజియాకి కూతురి గురించిన భయం తీరింది గానీ, ఆ ముసలమ్మ గురించిన భయం కొత్తగా పట్టుకుంది.

కాబట్టి మీలో ఎవరైనా శనివారం లోపల నందిగాం వైపు వెళ్తే, దయమ్మ ఇంటికి ఒకసారి వెళ్ళి చూడండి. టీ ఇస్తుంది, మంచె మీద కూర్చోమంటుంది. మీరు కూర్చోకండి, ఆమెనే ఎలాగోలా అరుగు మీదకి రప్పించి మాటల్లో పెట్టండి. అటు పని లేకపోతే, మీ వీధిలోనే అలాంటి పెద్దావిడ ఒకరు ఉంటారు. వెళ్ళి ఆమె బాగుందో లేదో కనుక్కోండి. వచ్చేటప్పుడు ఆమె కూర్చునే బల్ల కాళ్ళు మట్టి దగ్గర ఒక్కసారి తట్టి చూసి రండి.