రెండు వేళ్ల గుడ్డ

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. ఆ లెక్కన ఈ ఇంట్లో ఉత్తమురాలూ లేదు, గుణవంతురాలూ లేదు. ఇద్దరూ ఒకే గదిలో ఒకే ఫ్యాను కింద కూర్చుని ఒకరినొకరు ఆటపట్టించుకునే రకం. అత్త టైలరు. పిల్లల బట్టలు కుట్టడంలో ఆమెకు పేరుంది. కోడలు ఇళ్ల ప్లాన్లు గీస్తుంది. కొడుకు లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు గనుక ఈ కథలో అతనికి పని లేదు.

కష్టమల్లా ఒకటే, కోడలి ఆఫీసు బాగా దూరం. సోమవారం పొద్దున్నే బస్సెక్కిందంటే మళ్లీ శుక్రవారానికి గానీ ఇల్లు చేరదు. వారమంతా హాస్టల్లోనే. ఇక్కడ అత్తకేమో దగ్గర చూపు మందగించింది. మిషను మీద కుట్టు అలవాటు కొద్దీ సాగిపోతుంది కానీ, బొత్తాలకూ హెమ్మింగుకూ చేతిసూది కావాలి. దానికి దారం ఎక్కించడం ఆమె వల్ల కాదు. అందుకని ప్రతి ఆదివారం సాయంత్రం కోడలు ముప్పై సూదులకు దారం ఎక్కించి, సూదుల దిండుకు వరసగా గుచ్చి వెళ్లేది. ఆ సూదులు ఒక్కొక్కటే తగ్గుతుంటే అత్తకు ప్రాణం లేచొచ్చేది. అవి అయిపోయే రోజుకు కోడలు వచ్చేస్తుంది మరి.

ఒకరోజు ఆఫీసువాళ్లు కోడలితో ఒక మాటన్నారు. సొంత కంప్యూటరు పెట్టుకుంటే ఇంటి నుంచే పని చేసుకోవచ్చు. అయితే ముందు ఒక ఇంటి ప్లాను ఇంట్లోనే గీసి, కట్టాక ఆ ఇల్లు ఎలా ఉంటుందో బొమ్మ తయారుచేసి, వచ్చే శుక్రవారం మూడు గంటల్లోగా పంపాలి. పంపలేకపోతే ఇక ఆ ఊసెత్తకూడదు. కోడలు వారం సెలవు పెట్టింది.

"నీ ఇష్టం అమ్మాయ్, బస్సు ఛార్జీలు మిగుల్తాయి" అంది అత్త. లోపల ఆమె ఎంత ఆశపడిందో ఆ మాటలో ఆవగింజంత కూడా కనపడలేదు. గడుసుది.

ఇద్దరూ కలిసి కంప్యూటర్ల కొట్టుకు వెళ్లారు. కొట్టతను ముద్దుగా ఉన్న ఒక చిన్న పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. ధర కూడా తక్కువే. తీసుకెళ్లి ప్లగ్గు పెట్టుకోవడమేనన్నాడు. అత్త దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"లోపల ఎంత గుడ్డ వదిలారు బాబూ?"

"అమ్మా, ఇది కంప్యూటరు. గౌను కాదు."

"గౌనైతే నేనే కుట్టుకునేదాన్ని, నీ దగ్గరికెందుకొస్తాను? ఎదిగే పిల్లకి గౌను కుడితే లోపలికి రెండు వేళ్ల గుడ్డ మడిచి వదుల్తాం. ఏడాది పోయాక కుట్టు విప్పితే అదే గౌను మళ్లీ సరిపోతుంది. ఇందులో అలాంటిదేమన్నా ఉందా లేదా?"

కోడలు నవ్వాపుకుంటూ చెప్పింది. "లేదత్తయ్యా. ఇందులో మెమరీ కూడా బోర్డుకే అతికించేశారు. రేపు ఏం పెంచాలన్నా కుదరదు."

"అయితే వద్దు."

కొట్టతను తలగోక్కుని, ఎంతలో కావాలని అడిగాడు. చల్లకొచ్చి ముంత దాచడమెందుకని అత్త పర్సు తెరిచి చూపించేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది. కొత్త ప్రాసెసర్ కొంటే నాసిరకం బోర్డుతో సరిపెట్టుకోవాలి. మంచి బోర్డు కొంటే ప్రాసెసర్‌కి డబ్బు చాలదు. కోడలు గోళ్లు కొరుకుతూ నిలబడింది.

"గుడ్డ మంచిది తీసుకో అమ్మాయ్. బొత్తాలు ఎప్పుడైనా మార్చుకోవచ్చు" అంది అత్త.

ఆ మాటతో తేలిపోయింది. నాలుగు మెమరీ స్లాట్లున్న బోర్డు తీసుకుని, రెండు నింపి రెండు ఖాళీగా ఉంచారు. ముందు ముందు గ్రాఫిక్స్ కార్డు పెట్టుకోవచ్చని కాస్త పెద్ద పవర్ సప్లై కొన్నారు. ప్రాసెసర్ మాత్రం ఎవరో వాడి అమ్మేసింది. మానిటరూ అంతే. గుడ్డలు కత్తిరించే బల్ల మీదే పెట్టెను బిగించారు. కింద పడిన స్క్రూలను అత్త గుండుసూదులేరే అయస్కాంతంతో ఏరి అందించింది. మీట నొక్కగానే ఫ్యాను తిరిగి తెర వెలిగితే, అత్త చప్పట్లు కొట్టింది.

"నూగు లోపలికి పోతే ఫ్యాన్లు పాడవుతాయత్తయ్యా, జాగ్రత్త" అని కోడలు ఒకే ఒకసారి అంది. అత్త ఆ మాటను మనసులో పెట్టుకుంది. పెట్టెను రహస్యంగా టేపుతో కొలిచింది. కోడలికి చెప్పకుండా నీలం రంగు తొడుగొకటి కుట్టింది. ఆమె కుట్టిన ఏ బట్టా ఒంటికి అంత అందంగా అతికి ఉండదు.

శుక్రవారం మధ్యాహ్నానికి ప్లాను పూర్తయింది. బొమ్మ తయారు కావడానికి గంటన్నర పడుతుందని చెప్పి, కోడలు దాన్ని మొదలుపెట్టి, ఉతికిన బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లింది. అత్త చేతిలో ఎవరో పాప ఉన్నికోటు ఉంది. కత్తెర వేస్తే చాలు నూగే నూగు. కోడలి మాట గుర్తొచ్చి, తొడుగు తీసి పెట్టెకు నిండుగా తొడిగి, మురిసిపోయి, పనిలో పడింది.

ఇరవై నిమిషాలకు తెర నల్లబడింది.

అత్త తొడుగు లాగేసి గుడ్డపీలికల కుప్ప కింద దాచేసింది. అరవై ఏళ్ల మనిషి, పలక పగలగొట్టిన పిల్లలాగా నిలబడిపోయింది.

కోడలు వచ్చి చూసింది. మీట నొక్కితే వెలిగి, నిమిషంలోనే ఆరిపోయింది. ఆమె మొహం వాడిపోయింది. "పాత ప్రాసెసర్ కొనకుండా ఉండాల్సింది. ఇది పోయినట్టుంది. నావల్ల కాలేదని ఆఫీసుకి చెప్పేస్తానత్తయ్యా" అని ఫోను చేతిలోకి తీసుకుంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అత్త చూపు పీలికల కుప్ప మీదికే పోతోంది. ఆఖరికి చెయ్యి పెట్టి ఆ నీలం గుడ్డ బయటికి లాగింది.

"ఫోను చెయ్యకే. నేనే దీన్ని తొడిగాను. పెట్టె ముట్టుకుని చూడు, ఇస్త్రీపెట్టెలా కాలుతోంది. నూగు పడకూడదనుకున్నాను గానీ దానికి ఊపిరాడాలని తట్టలేదు." ఆ గుడ్డను కోడలి చేతిలో పెట్టింది. "నువ్వు హాస్టలుకి పోతే ఈ ఇల్లు నాకు అస్సలు బాగుండదు. ఆ మాట చెప్పలేక బస్సు ఛార్జీలన్నాను. తీరా చూస్తే నేనే నిన్ను బస్సెక్కించేలా ఉన్నాను."

కోడలు ఒక్క క్షణం ఆమెను చూసి, పడీ పడీ నవ్వింది. "వేడికి తనంతట తనే ఆగిపోయింది, అంతే! గీసిందంతా భద్రంగానే ఉంటుంది" అంటూ పెట్టె పక్క రేకు విప్పి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టింది. అరగంట చల్లారనిచ్చి బొమ్మను మళ్లీ మొదలుపెట్టింది. గంటన్నర సేపు ఇద్దరూ ఆ తెరనే చూస్తూ కూర్చున్నారు. ఉన్నికోటు కత్తిరించినంత వరకే ఉంది. మూడింటికి పది నిమిషాలుండగా బొమ్మ వెళ్లింది.

ఊరికే కూర్చోలేక కోడలు ఆ తొడుగును తిరగేసి చూసింది. ప్రతి కుట్టు లోపలా రెండేసి వేళ్ల గుడ్డ మడిచి ఉంది.

"ఇనప పెట్టెకి ఎదుగుదలేంటత్తయ్యా?"

"ఏమో! రేపు నువ్వింకా పెద్ద పని చేస్తే దానికింకా పెద్ద పెట్టె కావద్దూ?"

కోడలు తొడుగును జాగ్రత్తగా మడిచి బీరువాలో తన చీరల మధ్య పెట్టుకుంది.

శనివారం ఆఫీసు నుంచి జవాబొచ్చింది. ఆదివారం అత్త దాని గురించి అడగలేదు, కోడలు చెప్పనూ లేదు. సోమవారం పొద్దున అత్త లేచి, అలవాటుగా సూదుల దిండు దగ్గరికి వెళ్లింది. ముప్పై ఉండాల్సిన చోట ఒక్క సూదే ఉంది.

"ఒక్కటేనేంటే?" అంది, దిండును తిరగేసి చూస్తూ.

కోడలు కంప్యూటరు ముందు నుంచి తల తిప్పకుండానే చెప్పింది. "అది అయిపోగానే పిలవండత్తయ్యా. ఇక్కడే ఉంటాగా."